లైటు డాష్‌బోర్డులో, జబ్బు చక్రంలో: పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల బ్రేకులు, ఏబీఎస్

(విశాఖపట్నం ఆటోనగర్‌లో మెకానిక్కులు, పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల యజమానుల ముందు చేసిన ప్రసంగం. సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్ని చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగంమంది చేతులకు గ్రీజు అంటినవాళ్లు, మిగతా సగం ఆ గ్రీజుకి డబ్బులిచ్చేవాళ్లు. ఇద్దరికీ అక్కరకొచ్చేలా చెప్పడానికి చూస్తాను.

నేను మాట్లాడేది పదేళ్లు, పదిహేనేళ్లు తిరిగిన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల గురించి. సఫారీ, స్కార్పియో, పజేరో, ఎండీవర్, మొదటి తరం ఫార్చునర్, అలాంటివి. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం జామ్ కాకుండా చూసే యాంటీలాక్ బ్రేక్ సిస్టమ్, తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకుముందు ఒకే మోడల్‌లో పై వేరియంట్‌కి ఏబీఎస్ ఉండి, కింది వేరియంట్‌కి లేకపోవడం మామూలు. కాబట్టి బండి పేరు చూసి ఉందనుకోకండి. బానెట్ ఎత్తండి. మాస్టర్ సిలిండర్ నుంచి, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే సిలిండర్ నుంచి, బయల్దేరిన పైపులు ఒక అల్యూమినియం దిమ్మలోకి వెళ్లి, దానికి ఒక మోటారు, ఒక పెద్ద కనెక్టరు ఉంటే ఏబీఎస్ ఉన్నట్టు. పైపులు నేరుగా చక్రాల వైపు పోతే లేనట్టు.

ముందు ఒకటి తేల్చుకుందాం. ఏబీఎస్ బండిని ఆపదు. ఆపేవి ప్యాడ్లు, షూలు, టైర్లు. చక్రం జామ్ అవబోతుంటే ఆ చక్రానికి పోయే ప్రెజర్‌ని పట్టి ఉంచడం, వదలడం, మళ్లీ ఎక్కించడం, ఏబీఎస్ చేసేది ఈ మూడు పనులే. కింద బ్రేకు బాగోకపోతే పైన ఏబీఎస్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. అందుకే కింద నుంచి మొదలుపెడతాను.

అనంతగిరి ఘాట్ సంగతి తీసుకోండి. అరకు చూసుకుని శృంగవరపుకోట వైపు దిగే బండి, మనుషులు సామాన్లతో కలిపి 2,200 కేజీలు అనుకుందాం. 800 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. లెక్క కడితే సుమారు 17 మెగాజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారి తీరాలి. నాలుగు చక్రాల డిస్కులు, డ్రమ్ములు అన్నీ కలిపి 40 కేజీల ఇనుము ఉందనుకుంటే, గాలికి ఏమీ చల్లారకుండా ఆ వేడంతా వాటిలోకే పోతే అవి 900 డిగ్రీల పైన వేడెక్కాలి. నిజానికి గాలి కొంత లాక్కుంటుంది, గేరులో ఉంటే ఇంజన్ చాలా లాక్కుంటుంది. న్యూట్రల్ వేసి దిగేవాడు ఇంజన్ చేసే పనిని కూడా తీసుకెళ్లి ప్యాడ్ల నెత్తిన పెడుతున్నాడు. ఎక్కిన గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు అనేది ఇందుకే. ఇంకొందరు డీజిల్ మిగులుతుందని తాళం కూడా ఆపేస్తారు. ఇంజన్ ఆగితే వాక్యూమ్ పంపు ఆగుతుంది, పెడల్ తొక్కుకి బలం కలిపే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరి. ఆ తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది, పవర్ స్టీరింగ్ కూడా ఉండదు.

ఆ వేడి ప్యాడ్ దగ్గర ఆగదు. పిస్టన్ ద్వారా బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఇవి డబ్బా మూత తీసిన రోజు లెక్కలు. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. నీటి శాతం 3.7 చేరేసరికి డాట్ 3 మరిగే హద్దు 140కి, డాట్ 4 ది 155కి, 5.1 ది 180కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు, బుడగ నొక్కుకుపోతుంది, పెడల్ నేలకి తగులుతుంది. కింద ఊరికి చేరి బండి చల్లారాక పెడల్ మళ్లీ మామూలుగా ఉంటుంది. మెకానిక్ చూసి 'ఏం లేదు సార్, బాగానే ఉంది' అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆ క్షణానికి బాగానే ఉంది మరి.

కంపెనీలు ఎక్కువగా రెండేళ్లకోసారి మార్చమంటాయి. మన ఊరి గాలికి ఏడాదిన్నరకే మార్చమంటాను నేను. రంగు చూసి నిర్ణయించకండి. తేటగా ఉన్న ఆయిల్‌లోనూ నీరు ఉండొచ్చు. తేమ కొలిచే పెన్ను లాంటి సాధనం దొరుకుతుంది, అది నయం. సగం వాడిన డబ్బా షెల్ఫులో పెట్టి ఆరు నెలల తర్వాత పోయకండి. డాట్ 3, 4, 5.1 ఒకదానిలో ఒకటి కలిసినా పెద్ద ప్రమాదం లేదు. ఉత్త డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, అది వేరే జాతి. ఏబీఎస్ ఉన్న బండిలో దాన్ని పోయకూడదు. ఇక పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఇంజన్ ఆయిల్ గానీ చుక్క పడినా మాస్టర్ సిలిండర్ కప్పుల దగ్గర్నుంచి, డిస్కు మీద ప్యాడ్లని నొక్కే కాలిపర్ సీళ్ల దాకా రబ్బరు ఉబ్బిపోతుంది. అప్పుడు రబ్బరున్న ప్రతి సామానూ మార్చాల్సిందే, కడిగితే పోయేది కాదు.

ఎయిర్ తీయడం, అంటే బ్రేక్ పైపుల్లో చిక్కిన గాలిని ఆయిల్‌తో పాటు బయటికి పంపడం. దీంట్లో రెండు మూడు సంగతులు తెలిసినవాళ్లు కూడా పొరబడతారు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం ముందు. మన బండ్లలో అది కుడి వైపు ఉంటుంది కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మాన్యువల్ వేరే వరస చెప్తే మాన్యువల్‌దే మాట. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపిల్‌కి రింగ్ స్పానర్, తేట గొట్టం, గొట్టం కొస సీసాలో ఆయిల్‌లో మునిగి ఉండాలి. పెడల్ మెల్లగా తొక్కాలి, నిపిల్ మూశాకే వదలాలి. మొత్తం మార్చడానికి లీటరు దగ్గర పెట్టుకోండి. ట్యాంకు అడుగంటనివ్వకండి.

పాత బండిలో పెడల్‌ని నేల దాకా తొక్కకండి. మాస్టర్ సిలిండర్ లోపల పిస్టన్ రోజూ సగం దూరమే నడుస్తుంది. మిగతా సగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఎయిర్ తీసేటప్పుడు ఒక్కసారి అటు పంపితే సీలు అంచు చీరుకుపోతుంది. పొద్దున్న బాగున్న మాస్టర్ సిలిండర్ సాయంత్రానికి సీలు పక్కనుంచి ఆయిల్ వదిలేస్తుంది, మీ చేతి వల్లే పోయిందంటాడు కస్టమర్. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టుకోండి, అంతే.

రెండోది, వెనక యాక్సిల్ దగ్గర ఎల్‌ఎస్‌పీవీ ఉన్న బండ్లు. అంటే బరువుని బట్టి వెనక బ్రేక్ ప్రెజర్ మార్చే వాల్వు. ఛాసిస్‌కి వాల్వు, యాక్సిల్‌కి ఒక కడ్డీ. బరువు పడితే ఛాసిస్ కిందికి దిగి, కడ్డీ వాల్వుని నొక్కి, వెనకకి ప్రెజర్ ఎక్కువ పోతుంది. మీరు ఛాసిస్ కింద స్టాండ్ పెట్టి వెనక చక్రాలు వేలాడదీసి ఎయిర్ తీస్తే, బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనకకి ప్రెజర్ తగ్గించేస్తుంది. స్టాండ్లు యాక్సిల్ కిందే పెట్టండి. ఆ వాల్వుకి సొంత నిపిల్ ఉంటే అక్కడా ఎయిర్ తీయండి. సస్పెన్షన్ రెండు అంగుళాలు లేపించి ఆ కడ్డీని పట్టించుకోని బండ్లు చాలా ఉన్నాయి. ఆ వాల్వు లెక్కలో అవి ఎప్పుడూ ఖాళీ బండ్లే. ఏడుగురు ఎక్కినా వెనక బ్రేకులు సగం నిద్రలో ఉంటాయి, ముందు ప్యాడ్లు తొందరగా అయిపోతాయి. బండి లేపినంత మేరా కడ్డీ బ్రాకెట్‌ని కూడా సరిచేయాలి.

ఏబీఎస్ బండికి అదనంగా ఒకటి. మాడ్యూల్‌లో, అంటే బానెట్ కింద చూసిన ఆ అల్యూమినియం దిమ్మలో, లోపలికొచ్చే వాల్వులు మామూలుగా తెరిచే ఉంటాయి కాబట్టి, ఆయిల్ మార్చడానికి పాత పద్ధతి సరిపోతుంది. కానీ మాడ్యూల్ లోపలికి గాలి వెళ్లిందా, అంటే ట్యాంకు ఎండిపోయిందా, మాస్టర్ సిలిండరో మాడ్యూలో విప్పారా, అప్పుడు స్కానర్ పెట్టి పంపు, వాల్వులు తిప్పించి ఎయిర్ తీయాలి. లేకపోతే షెడ్డులో పెడల్ గట్టిగానే ఉంటుంది. రోడ్డు మీద ఏబీఎస్ మొదటిసారి పనిచేసినప్పుడు ఆ గాలి బయటికొచ్చి పెడల్ మెత్తబడుతుంది. ఎంత చెడ్డ సమయమో చూడండి.

చక్రం ఒకటి పట్టేస్తోంది, వేడెక్కి వాసన వస్తోంది. వెంటనే కాలిపర్ మార్చమంటారు. ఆగండి. చక్రం ఎత్తి, పెడల్ తొక్కి వదలండి. చక్రం తిరగట్లేదు. ఇప్పుడు నిపిల్ వదులు చేయండి. అప్పటికీ వదలకపోతే తప్పు కాలిపర్‌లోనే, పిస్టన్ జామో, కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు జామో. నిపిల్ తీయగానే ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందా, ప్రెజర్ వెనక్కి వెళ్లడం లేదన్నమాట. నిపిల్ మూసి మళ్లీ తొక్కి వదలండి. ఈసారి రబ్బరు హోస్‌కి పైన, ఇనుప పైపు కలిసే చోట యూనియన్ వదులు చేయండి. అక్కడ వదిలితే లోపం పైన ఉంది. మాస్టర్ సిలిండర్‌ని తోసే పుష్ రాడ్‌కి ఫ్రీ ప్లే, అంటే కొద్దిపాటి ఖాళీ ఆట, లేదేమో చూడండి. అక్కడా వదలకపోతే హోసే దోషి. బయటికి నున్నగా కనిపిస్తుంది, లోపల పొర ఊడి మూతలా అడ్డం పడుతుంది. తొక్కే బలానికి ఆయిల్ పోతుంది, తిరిగి రావడానికి బలం చాలదు. రెండు వందల రూపాయల పరీక్ష కూడా కాదు ఇది, రెండు స్పానర్లు చాలు. అయినా ఎంతమంది చేస్తున్నారు చెప్పండి.

స్లైడ్ పిన్నులకి బ్రేక్ కోసం తయారైన సిలికాన్ గ్రీజే పెట్టండి. బేరింగ్ గ్రీజు పెడితే పిన్ను మీది రబ్బరు తొడుగులు ఉబ్బి అవే పట్టేస్తాయి. డిస్కు మందం అంచు మీదో మధ్య గుండ్రం మీదో గుద్ది ఉంటుంది, అంతకంటే తగ్గితే లేత్‌కి పంపకండి, మార్చండి. ప్యాడ్ మూడు మిల్లీమీటర్లకి వస్తే మార్చే టైమే. డ్రమ్ము లోపల వెనక యాక్సిల్ ఆయిల్ సీలు కారి షూ తడిస్తే, ఆ షూని పెట్రోలుతో కడిగి ఎండబెట్టడం వృథా. లైనింగ్ పీల్చిన ఆయిల్ వేడికి మళ్లీ పైకొస్తుంది. సీలు మార్చండి, షూలు రెండు పక్కలా జతగా మార్చండి. యాక్సిల్ హౌసింగ్‌లోని గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోయిందేమో చూడండి. అది మూసుకుంటే కొత్త సీలూ కారుతుంది.

ఇనుప పైపులు. ఛాసిస్ మీద క్లిప్పులున్న చోట, డీజిల్ ట్యాంకు పైన, మట్టి తేమ నిలిచే చోట తింటుంది తుప్పు. బీచ్ రోడ్డు పక్కన, భీమిలి వైపు, యారాడ వైపు పార్క్ అయ్యే బండ్లకి మరీను. గోరుతో గీస్తే పొరలు లేస్తే ఆ పైపు మార్చండి. గ్యాస్ వెల్డింగ్‌తో అతికించిన బ్రేక్ పైపు ఇప్పటికీ కనబడుతోంది, దండం పెట్టి చెప్తున్నాను, వద్దు. డబుల్ ఫ్లేర్ చేసిన, అంటే కొసని రెండు మడతలుగా విప్పార్చిన, కొత్త పైపు వేయండి.

ఇక ఏబీఎస్. ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఎందుకంటే మన ఊళ్లో అనవసరంగా ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

పాత బండ్లలో చక్రం దగ్గర సెన్సార్ అంటే ఒక అయస్కాంతం, దానికి చుట్టిన తీగ. దాని ముందు పళ్ల చక్రం తిరుగుతుంది. పన్ను వచ్చినప్పుడు ఒకలా, సందు వచ్చినప్పుడు ఒకలా అయస్కాంత క్షేత్రం మారి, తీగలో చిన్న ఏసీ కరెంటు పుడుతుంది. 48 పళ్లున్న చక్రం, 235/75 ఆర్ 15 టైరు అనుకోండి. ఆ టైరు ఒక్క చుట్టు తిరిగితే 2.3 మీటర్లు. గంటకి 36 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 208 సార్లు సిగ్నల్ ఊగుతుంది. 5 కిలోమీటర్ల వేగంలో 29 సార్లే. ఊగడమే కాదు, వోల్టేజి కూడా వేగంతో పాటు తగ్గుతుంది. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక కేసు. బండి మద్దిలపాలెం జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగుతోంది. పొడి రోడ్డు, నెమ్మదిగా తొక్కిన బ్రేకు. ఆగడానికి చివరి రెండు మీటర్లలో పెడల్ కింద గరగరమని కొట్టి, బండి కొంచెం ముందుకి జారుతుంది. లైటు వెలగదు. స్కానర్ పెడితే కోడు కూడా లేదు. కొందరు మాడ్యూల్ పోయిందంటారు. కొందరు ఫ్యూజు పీకి ఇచ్చేస్తారు, జబ్బూ పోయింది, వైద్యమూ అయింది.

జరిగేది ఇదీ. సెన్సార్ కూర్చునే చోట, చక్రం హబ్‌ని మోసే నకిల్ ఇనుముకి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఉబ్బి, సెన్సార్‌ని పళ్ల నుంచి కొద్దికొద్దిగా పైకి లేపుతుంది. సందు అర మిల్లీమీటరు పెరిగినా సిగ్నల్ బాగా పడిపోతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు వోల్టేజి ఎలాగూ ఎక్కువే కాబట్టి ఈసీయూకి, అంటే ఏబీఎస్‌ని నడిపే కంప్యూటర్‌కి, తేడా తెలియదు. 10 కిలోమీటర్లకి దిగేసరికి మూడు చక్రాలు ఇంకా తిరుగుతున్నాయని చెప్తాయి, నాలుగోది మౌనం. ఈసీయూ ఏమనుకుంటుంది? ఆ చక్రం జామ్ అయిందనుకుని దానికి ప్రెజర్ వదిలేస్తుంది. చెప్పిన అబద్ధానికి సరైన పనే చేసింది పాపం. లైవ్ డేటాలో నాలుగు చక్రాల వేగాలు పక్కపక్కన పెట్టి, మెల్లగా ఆగుతూ చూడండి. మిగతావాటి కంటే ముందు సున్నాకి పడిపోయేది ఏదో అదే దొంగ.

సెన్సార్ తీసే పద్ధతి. కనెక్టర్ విప్పి, చుట్టూ బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేయండి. టీ తాగి రండి. బోల్టు తీశాక వైరు పట్టి లాగకండి, సెన్సార్ ఒళ్లు పట్టుకుని కుడి ఎడమలకి కొద్దిగా తిప్పుతూ తీయండి. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నితే ప్లాస్టిక్ విరిగి సగం లోపలే ఉండిపోతుంది. బయటికొచ్చాక కొస చూడండి, అయస్కాంతం కాబట్టి ఇనుప రజను మీసాల్లా అంటుకుని ఉంటుంది. గుడ్డతో తుడవండి. తర్వాత రంధ్రం, సెన్సార్ ఆనే ముఖం గరుకు కాగితంతో ఇనుము మెరిసే దాకా గీకండి. రంధ్రం పెద్దది చేయకండి. రాలిన పొడి పళ్ల మీద పడకుండా ఊదేయండి. సిలికాన్ గ్రీజు పల్చగా పూసి బిగించండి, రాగి పొడి కలిసిన గ్రీజు వద్దు. సందు చాలా బండ్లలో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉంటుంది; మీ బండి మాన్యువల్‌లో అంకె చూసుకోండి. కొలవడానికి ఇత్తడి ఫీలర్ గేజ్ వాడండి, ఇనుపది అయితే అయస్కాంతానికి అతుక్కుని మోసం చేస్తుంది.

మల్టీమీటర్ పరీక్ష. ఇలాంటి తీగ సెన్సార్లు ఎక్కువగా ఒకటి రెండు కిలో ఓమ్‌ల ప్రాంతంలో చూపిస్తాయి. అంకె కంటే కుడి ఎడమ పోలిక ముఖ్యం. ఏమీ చూపకపోతే తీగ తెగింది. ఒక వైరుకీ బండి ఒంటికీ మధ్య ఓమ్స్ చూపిస్తే ఎర్త్ అవుతోంది. తర్వాత మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి, చక్రాన్ని చేత్తో సెకనుకి ఒక చుట్టు తిప్పండి. 0.1 వోల్టు దాటి, రెండు పక్కలా దాదాపు ఒకేలా రావాలి. తిప్పుతూనే వైరుని ఊపండి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి. ముందు చక్రాల వైర్లు స్టీరింగ్‌తో పాటు మడతపడి లోపల తెగుతాయి, పైన రబ్బరు మాత్రం చెక్కుచెదరదు. అతికించాల్సి వస్తే మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, సరిగ్గా క్రింప్ చేసి, పైన నీరు పోని స్లీవ్ వేయండి. రెండు వైర్లు ఒకదానికొకటి పెనవేసి ఉంటే అదే పెనవేత ఉంచండి, బయటి విద్యుత్ అలజడి అంటకుండా ఉండడానికే అలా చేశారు.

కొత్త తరహా సెన్సార్లకి ఈ ఓమ్స్ పరీక్ష చేయకండి. అవి కరెంటు తీసుకుని పనిచేసేవి, మీటర్ కరెంటుకే పాడవ్వొచ్చు. వాటికి పళ్ల బదులు బేరింగ్ సీలు మీదే అయస్కాంత పట్టీ ఉంటుంది. బేరింగ్ తిరగేసి కొడితే సిగ్నల్ సున్నా. గుండుసూది దగ్గర పెట్టి ఏ వైపు లాగుతుందో చూసి, ఆ వైపు సెన్సార్‌కి ఎదురుగా పెట్టండి.

పళ్ల చక్రం పగిలినా ఇదే గోల. యాక్సిల్ మీద ఎక్కించిన ఆ రింగు కింద తుప్పు ఉబ్బితే రింగు పుటుక్కున చీలుతుంది. చీలిక దగ్గర ఒక సందు వెడల్పవుతుంది. చక్రం ప్రతి చుట్టుకీ ఒకసారి సిగ్నల్ తప్పుతుంది. టార్చి వేసి చక్రం చుట్టూ తిప్పి చూడండి, కళ్లకే కనిపిస్తుంది. వీల్ బేరింగ్ ఆట కూడా పరీక్షించండి. బేరింగ్ ఊగితే సందు ప్రతి మలుపులోనూ మారుతుంది.

వీటన్నిటికంటే ముందు బ్యాటరీ, ఎర్తింగ్. మాడ్యూల్ ఎర్త్ వైరు బండి ఒంటికి కలిసే చోట మన ఉప్పుగాలికి పచ్చగా, తెల్లగా పూస్తుంది. పంపు మోటారు తిరిగినప్పుడు చాలా కరెంటు లాగుతుంది. ఎర్త్ సరిగా లేకపోతే అప్పుడు వోల్టేజి పడి, లైటు వెలుగుతుంది. బోల్టు విప్పి గీకి బిగించడానికి పది నిమిషాలు. మాడ్యూల్ మార్చడానికి ఎన్ని వేలో మీకే తెలుసు.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో అదనపు చిక్కు ఏంటంటే, మామూలుగా రెండు చక్రాలతో (టూ హై) నడిచి, కావాలన్నప్పుడే నాలుగూ కలిపే పార్ట్ టైమ్ బండిలో ఫోర్ హై, అంటే నాలుగు చక్రాల మామూలు వేగం గేరు, వేశారంటే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకదానికొకటి కట్టేసినట్టే. నున్నటి నేల మీద బ్రేకు వేస్తే నాలుగు చక్రాలూ ఒకేసారి మందగిస్తాయి. ఏబీఎస్ మామూలుగా చక్రాలని ఒకదానితో ఒకటి పోల్చి బండి వేగం అంచనా కడుతుంది. నాలుగూ కలిసి జామ్ అవుతుంటే, బండే ఆగిపోతోందనుకునే ప్రమాదం ఉంది. అందుకే చాలా ఫోర్ వీల్ డ్రైవ్‌లలో జీ సెన్సార్ అని ఒకటి, బండి మందగింపుని సొంతంగా కొలిచేది, పెడతారు. తరచుగా అది సీట్ల మధ్య కన్సోల్ కింద ఉంటుంది. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, ఆ దిక్కుకే, సమతలంగానే బిగించాలి. సీటు కవర్ల పనికో, మ్యూజిక్ సిస్టమ్ పనికో కన్సోల్ విప్పినవాళ్లు దాన్ని పక్కకి తోసి వైరుతో కట్టేస్తారు. తర్వాత ఏబీఎస్ లైటు ఎందుకొచ్చిందో బ్రేకుల్లో వెతికితే దొరకదు.

కొన్ని బండ్లలో ఫోర్ లో, అంటే నాలుగు చక్రాల తక్కువ వేగం గేరు, వేసినా, ముందు వెనక యాక్సిల్స్ మధ్య ఉండే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ చేసినా ఏబీఎస్ తనంతట తానే ఆగి, లైటు వెలుగుతుంది. అది లోపం కాదు. టూ హైకి వచ్చాక ఆరితే వదిలేయండి. ఆరకపోతే ముందు, వెనక యాక్సిల్స్‌కి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీది స్విచ్ ఇంకా ఫోర్ వీల్‌లోనే ఉందని చెప్తోందేమో చూడండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకి ఆరుతుందో లేదో చూడండి. అసలు వెలగలేదంటే బల్బు పీకేశారు. ఇంజన్ స్టార్ట్ అయిన క్షణానికే, ఛార్జింగ్ లైటుతో కలిసి ఆరిందంటే ఆ వైరుకి కలిపేశారేమో అనుమానించండి. ఏబీఎస్ లైటు ఒక్కటే వెలుగుతుంటే మామూలు బ్రేకు ఉంటుంది. దాంతో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలుగుతుంటే ముందు ఆయిల్ మట్టం చూడండి. మట్టం బాగుంటే ఈబీడీ, అంటే ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు బలం పంచే ఏర్పాటు, కూడా పోయినట్టు. ఈబీడీ బండ్లలో వెనక చక్రాల ప్రెజర్‌ని మాడ్యూలే చూసుకుంటుంది, చాలావాటికి ఎల్‌ఎస్‌పీవీ ఉండదు. అలాంటి బండికి ఫ్యూజు పీకితే ఖాళీ బండిలో గట్టి బ్రేకుకి వెనక చక్రాలు ముందు జామ్ అయి, బండి తోక అడ్డం తిరుగుతుంది. అందుకే ఫ్యూజు పీకి బండి అప్పజెప్పడం రిపేరు కింద లెక్క కాదంటాను.

ప్రశ్నలు అడగండి.

'మాస్టారూ, టైర్లు పెద్దవి వేయించాను. 31 అంగుళాలవి. ఏబీఎస్‌కి ఏమైనా అవుతుందా?'

నాలుగూ ఒకే సైజు అయితే ఏబీఎస్‌కి పెద్ద బాధ లేదు బాబూ, అది పోల్చి చూస్తుంది కదా. బాధ బ్రేకుకి. 235/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 733 మిల్లీమీటర్లు, 31 అంగుళాలంటే 787. ఏడు శాతం పొడుగు. డిస్కు అదే, కాలిపర్ అదే కాబట్టి, అదే పెడల్ తొక్కుకి రోడ్డు మీద ఆపే బలం దాదాపు ఏడు శాతం తగ్గుతుంది. టైరు బరువు కూడా పెరిగింది, అది వేరే. ఇక స్టెప్నీ పాత సైజుదే ఉంచుకుని, పంక్చర్ అయినప్పుడు వేశారంటే, ఆ ఒక్క చక్రం ఎప్పుడూ వేగంగా తిరుగుతున్నట్టు కనిపించి లైటు రావొచ్చు. ఆ స్టెప్నీ ఉండగా ఫోర్ హై అసలు వేయకండి, ట్రాన్స్‌ఫర్ కేసుకి దెబ్బ.

'ఇసుకలో, గులకలో ఏబీఎస్ ఉంటే బండి ఇంకా దూరం పోతోంది. నిజమేనా?'

నిజమే. జామ్ అయిన చక్రం ముందు ఇసుక, గులక కుప్ప పడి అది అడ్డుకట్టలా పనిచేస్తుంది. ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతూనే ఉంచుతుంది కాబట్టి ఆ కుప్ప పడదు. ఆగే దూరం పెరుగుతుంది, కానీ స్టీరింగ్ మీ మాట వింటుంది. అలాంటి చోట వేగం ముందే తగ్గించుకోవాలి, ఫోర్ లో మొదటి గేరులో దిగాలి. ఇసుకలోంచి వచ్చాక మంచినీళ్లతో చక్రాల లోపలి వైపు కడగండి, తర్వాత కొంత దూరం పెడల్ మీద తేలిగ్గా కాలు ఆనించి నడిపి డ్రమ్ములు ఆరబెట్టండి.

'మా దగ్గర చిన్న బ్లూటూత్ స్కానర్ ఉంది. ఏబీఎస్ లైటు వెలుగుతున్నా కోడ్లు లేవంటోంది.'

చౌకవి ఎక్కువగా ఇంజన్‌నే చదువుతాయి, ఏబీఎస్‌తో మాట్లాడవు. బండి కంపెనీ ప్రోటోకాల్ చదివే స్కానర్ కావాలి. పాత బండ్లు కొన్నిటికి స్కానరే అక్కర్లేదు, లైటు మినుకులు లెక్కపెట్టొచ్చు. చాలా టొయోటాల్లో 16 పిన్నుల సాకెట్‌లో 4, 13 నంబర్లని ఒక వైరుతో కలిపి తాళం తిప్పితే ఏబీఎస్ లైటు కోడుని మినుకుల్లో చెప్తుంది. పిన్ను నంబరు తప్పితే ఫ్యూజో, ఈసీయూనో పోతుంది, అందుకని ముందు మీ మోడల్ మాన్యువల్ చూసుకోండి.

'కొత్త ప్యాడ్లు వేశాక మొదటి రోజు సరిగ్గా పట్టడం లేదు.'

పట్టవు, అరగాలి. పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు భీమిలి రోడ్డు మీద 60 నుంచి 20కి మధ్యరకంగా తొక్కుతూ పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపకండి, మధ్యలో కిలోమీటరు నడిపి చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి ఉంచి ఆగితే అక్కడ ప్యాడ్ పదార్థం అచ్చులా అంటుకుని, తర్వాత పెడల్ వణుకుతుంది.

'స్క్రాప్‌లో మాడ్యూల్ దొరుకుతోంది సార్, వేసుకోవచ్చా?'

ముందు నేను చెప్పినవన్నీ చూశాక కూడా తప్పు మాడ్యూల్‌లోనే అని తేలితే వేసుకోవచ్చు. పార్టు నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. ఒకే మోడల్‌లో టూ వీల్ డ్రైవ్‌ది, ఫోర్ వీల్ డ్రైవ్‌ది వేరుగా ఉండొచ్చు, ఎందుకంటే ఒకదానికి జీ సెన్సార్ లెక్క ఉంది, ఇంకోదానికి లేదు. పైపుల రంధ్రాలకి మూతలు ఉన్నాయో లేదో చూడండి. మూతల్లేకుండా వర్షంలో గుట్టలో పడున్నదైతే లోపల ఆయిల్ తేమ పట్టి వాల్వులు జామై ఉంటాయి, ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి. వేశాక స్కానర్‌తో ఎయిర్ తీయించి, ఖాళీ మైదానంలో తడి నేల మీద 30 వేగంలో గట్టిగా తొక్కి చూడండి. పెడల్ కింద దడదడ వచ్చి, స్టీరింగ్ తిప్పితే బండి తిరిగి, ఆగాక పెడల్ మొదట ఉన్నంత ఎత్తులోనే ఉంటే బండి కస్టమర్‌కి ఇచ్చేయొచ్చు. పెడల్ దిగిపోయి ఉంటే ఇంకా గాలి ఉంది, మళ్లీ స్కానర్ పెట్టండి.